లోపం లేని హెడ్‌ఫోన్ ఉందా? లక్షలు పెట్టే ముందు చూసుకోవలసిన లెక్క

లక్ష రూపాయలు దాటిన హెడ్‌ఫోన్ కొనబోయే ప్రతివారూ ఏదో ఒక దశలో దుకాణదారునో, స్నేహితుడినో ఒకే ప్రశ్న అడుగుతారు: దీని తరువాత ఇక మరొకటి కొనవలసిన పని ఉండదు కదా? పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు పెద్దలు అడిగే ప్రశ్నలలాగే ఇందులోనూ ఆశ ఎక్కువ, ఆరా తక్కువ. చెన్నైలో పదేళ్లకు పైగా ఈ వ్యసనంలో ఉండి, కొన్నవీ, అరువు తెచ్చుకుని విన్నవీ, కొని అమ్ముకున్నవీ లెక్క వేసుకుంటే నాకు తేలిన సమాధానం సూటిగానే ఉంది. ఎంత ధర పెట్టినా పరిపూర్ణమైన హెడ్‌ఫోన్ లేదు, రాబోయే రోజుల్లో వస్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే కొనేవారికి ఒరిగేదేమీ లేదు. లోపాలలో ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగినవి కొన్ని, ఎన్ని తంటాలు పడినా సరికానివి కొన్ని ఉన్నాయి. కొనేవారిలో చాలామంది మొదటి రకం లోపాల గురించి రాత్రులు నిద్ర మానుకుని చదివి, రెండవ రకం లోపాలను చేతులారా ఇంటికి తెచ్చుకుంటారు. నేనూ అలాగే చేశాను కనుక ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాను.

తయారీదారుల చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. సెన్‌హైజర్ సంస్థ 1991లో ఆర్ఫియస్ అనే పేరుతో, విద్యుదావేశంతో సన్నని పొరను కదిలించి పలికే ఒక ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌ను, దానికోసమే చేసిన వాల్వ్ ఆంప్లిఫయర్‌తో కలిపి, సుమారు 300 మాత్రమే తయారుచేసింది. ఖర్చుకు వెనుకాడకుండా ఎంతవరకు వెళ్లగలమో చూద్దామని చేసిన వస్తువు అది. అయినా అదే సంస్థ 2015లో హెచ్‌ఈ 1 అనే పేరుతో, పాలరాతి దిమ్మెలో అమర్చిన ఆంప్లిఫయర్‌తో, 50 వేల యూరోల స్థాయి ధరకు మరొకదానిని ప్రకటించవలసి వచ్చింది. 2009లో వచ్చిన హెచ్‌డీ 800 విశాలమైన ధ్వనికి ఎంత పేరు తెచ్చుకుందో, 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే హెచ్చు స్థాయి ధ్వనుల్లో, ఉన్న పదునుకు అంత పేరూ తెచ్చుకుంది. 2016 నాటి హెచ్‌డీ 800 ఎస్ లోపల ఆ పదునును పీల్చుకునే చిన్న గదిని అమర్చి దానిని తగ్గించారు. తగ్గించిన తరువాత కూడా పాతదే మేలని పట్టుబట్టి దానినే వినేవారు ఉన్నారు. ఒకరికి లోపంగా తోచినది మరొకరికి ప్రాణంగా తోచే చోట పరిపూర్ణత అన్న మాటకు కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది?

ఈ భేదాభిప్రాయం రుచుల తగువు మాత్రమే అనుకుంటే పొరపాటు. దానికి మూలం చెవి నిర్మాణంలోనే ఉంది. ఎదురుగా కూర్చుని పాడేవారి గొంతు మన భుజాలకు, తలకు, చెవిడొప్పకు తగిలి, కొన్ని చోట్ల పెరిగి, కొన్ని చోట్ల తగ్గి లోపలికి చేరుతుంది. పుట్టినప్పటి నుంచి మెదడు ఆ మార్పులకే అలవాటు పడి ఉంటుంది. హెడ్‌ఫోన్ ఆ దారిలో చాలా భాగాన్ని దాటవేసి చెవికి ఆనుకుని పలుకుతుంది కాబట్టి, దారిలో జరగవలసిన మార్పులను అది ముందుగానే అంచనా వేసి కలపాలి. చెవి నాళం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు, అందువల్ల 3 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో ధ్వని సహజంగానే పెరుగుతుంది. 8 కిలోహెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికి ధ్వని తరంగం పొడవు 4 సెంటీమీటర్లకు కాస్త పైన మాత్రమే ఉంటుంది, అంటే చెవిడొప్ప పరిమాణానికి దగ్గరగా వచ్చేసింది. అక్కడి నుంచి పైకి చెవిలోని ప్రతి మడతా ధ్వనిని ఒక్కో తీరుగా మలుస్తుంది. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల చెవులే ఒక్కలా ఉండవు. కర్మాగారంలో కొలిచే కృత్రిమ చెవి మీది కాదు, నాదీ కాదు.

ఆడియో పరికరాలు చేసే హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ 2012 నుంచి ఈ విషయం మీద శ్రోతలతో వరుసగా పరీక్షలు జరిపి, ఎక్కువమందికి నచ్చే ధ్వని ఎలా ఉండాలో ఒక లక్ష్యరేఖ గీశారు. ఈనాటి సమీక్షల్లో కనిపించే హార్మన్ కర్వ్ అదే. ఆ పరిశోధనల్లోనే తేలిన మరొక సంగతిని చాలామంది పట్టించుకోరు. శ్రోతల్లో సుమారు 64 శాతం మందికి ఆ రేఖ నచ్చగా, 15 శాతం మంది అంతకంటే ఎక్కువ బేస్ (అడుగు స్థాయి ధ్వని) కోరుకున్నారు, 21 శాతం మంది తక్కువ కోరుకున్నారు. అందరిలోకి ఎక్కువమందిని మెప్పించే రేఖ కూడా ప్రతి ముగ్గురిలో ఒకరికి సరిపడలేదన్న మాట. ఇక ధర విషయానికి వస్తే, 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూసిన ఒక అధ్యయనంలో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ, అంటే ఏ స్థాయి ధ్వని ఎంత గట్టిగా పలుకుతుందన్న దానికీ, ధరకూ సంబంధమే కనబడలేదు. ఎక్కువ డబ్బు పెడితే దొరికేవి వేరే ఉన్నాయి. వాటి సంగతి తరువాత వస్తుంది.

చెవి సగం పాత్ర పోషిస్తుందన్న మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల క్రితం బెంగళూరులో ఒకాయన వాడి అమ్ముతున్న ఖరీదైన హెడ్‌ఫోన్‌ను కొరియర్‌లో తెప్పించుకున్నాను. పెట్టె విప్పి, ఎప్పటిలాగే ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టాను. ఆ కాలపు రికార్డింగులు మోనోలో, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వనితో, ఉంటాయి కాబట్టి గొంతు నెత్తికి సరిగ్గా నడుమ, రెండు కనుబొమల మధ్య నిలవాలి. నాకు అది ఎడమ కణత వైపు ఒరిగి వినబడింది. కుడి డ్రైవర్ (ధ్వనిని పలికించే భాగం) బలహీనమైన హెడ్‌ఫోన్ అంటగట్టారని అమ్మినాయనకు ఘాటుగా ఒక ఉత్తరం రాసి పంపాను. ఆయన ఎంతో మర్యాదగా, హెడ్‌ఫోన్‌ను ఒకసారి తిరగేసి, ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా పెట్టుకుని అదే పాట వినమని జవాబిచ్చాడు. తిరగేసి పెట్టుకున్నాను. గొంతు అప్పటికీ ఎడమ వైపే ఉంది. లోపం హెడ్‌ఫోన్‌లోనో, దానిని నడిపే ఆంప్లిఫయర్ అనే ఆంప్‌లోనో ఉంటే అది కుడి వైపుకు మారి ఉండేది. మారలేదంటే లోపం నాదే. మరునాడు చెవి డాక్టరు గారు కుడి చెవిలో గట్టిపడిన గులిమి తీసి కాగితం మీద పెట్టి చూపించారు. గొంతు నడిమికి వచ్చింది గానీ, వెంట్రుకవాసి ఎడమకు ఒరుగుడు ఇప్పటికీ ఉంది. బెంగళూరు పెద్దమనిషికి క్షమాపణ ఉత్తరం రాశాను. వాడిన హెడ్‌ఫోన్ కొనేవారెవరైనా మొదటి రోజే చేయవలసిన పరీక్ష ఇది. తిరగేసినప్పుడు ధ్వని పక్క మారితే, తీగలు ఊడివచ్చే రకమైతే కప్పుల దగ్గర ఎడమ కుడి తీగలు మార్చి చూసుకుంటే లోపం హెడ్‌ఫోన్‌దో ఆంప్‌దో కూడా తేలిపోతుంది.

సరిచేయగలిగిన లోపాలు

సరిదిద్దగలిగిన లోపం ఎలా ఉంటుందో చెప్పడానికి మైలాపూరులో మా పైవాటాలో ఉండే మృదంగం మాస్టారి ముచ్చట చెప్పాలి. నెల్లూరి నుంచి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఆయనకు ఎలక్ట్రానిక్స్ మీద ఏ ఆసక్తీ లేదు. డిసెంబరు సీజన్‌లో తాను వాయించిన ఒక కచేరీ రికార్డింగును నా దగ్గర వింటానని దిగి వచ్చినప్పుడు, మూడు రకాల హెడ్‌ఫోన్లు వరుసగా ఆయన చెవులకు పెట్టాను. పేర్లు చెప్పలేదు, ధరలూ చెప్పలేదు. మొదటిది విశాలమైన ధ్వని గల డైనమిక్ ఓపెన్‌బ్యాక్, అంటే కోనులాంటి పొరతో, వెనుక భాగం తెరిచి ఉండేది. రెండు నిమిషాలు విని, "వలంతల స్పష్టంగా ఉంది నాయనా, తొప్పి మీద రవ్వ ఆరిపోయినట్టుంది, తడి పెట్టాలి" అన్నారు. వలంతల మృదంగం కుడి మూత, తొప్పి ఎడమ మూత. ఎడమ మూతకు కచేరీకి ముందు బొంబాయి రవ్వ ముద్ద పట్టిస్తారు; అది ఎండిపోతే ఆ వైపు గుంభనం తగ్గి నాదం పలచబడుతుంది. రెండవది వెడల్పాటి పొర గల బరువైన ప్లేనార్. "ఇక్కడ తొప్పి నిండుగా ఉంది, చాపు మీద మాత్రం ఎవరో తువ్వాలు వేశారు" అన్నారు. చాపు అంటే కుడి మూత మీద వేసే పదునైన దెబ్బ. మూడవది వెనుక భాగం మూసిన ఒక క్లోజ్డ్‌బ్యాక్. దానిని చెవుల నుంచి తీసేస్తూ, "బిందెలో తల పెట్టి విన్నట్టుంది" అని చేతిలో పెట్టారు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ రేఖాచిత్రాలు తీసి చూస్తే మూడింటి విషయంలోనూ ఆయన చెప్పినదే అక్కడ గీసి ఉంది.

మరుసటి రోజు మొదటి దానికి కంప్యూటర్‌లో, ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ పెట్టి, 120 హెర్ట్జ్ కింద 5 డెసిబెళ్లు పెంచి, పెంచిన మేరకు ధ్వని పగిలిపోకుండా మొత్తం స్థాయిని అంతే తగ్గించి, మళ్లీ వినిపించాను. "ఇప్పుడు తడిసింది" అని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు. రెండవ దానికి 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కాస్త పైకి ఎత్తితే తువ్వాలు కూడా తొలగిపోయింది. విండోస్ కంప్యూటర్లలో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితంగానే దొరుకుతుంది. ఈ మార్పులకు రూపాయి ఖర్చు లేదు. రెండు లక్షల హెడ్‌ఫోన్‌కు ఈక్వలైజర్ వాడడం నామోషీ అనుకునేవారు ఉన్నారు. ఆ నామోషీ ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. కూరలో ఉప్పు చాలకపోతే వంటవాడి పేరు తలచుకుంటూ చప్పగా తినేవారెవరూ ఉండరు.

ఈక్వలైజర్‌కూ హద్దులున్నాయి. సన్నని కోనులాంటి పొరతో చేసిన ఓపెన్‌బ్యాక్ డైనమిక్ డ్రైవర్లలో అట్టడుగు బేస్‌ను బాగా పెంచితే పొర ఎక్కువ దూరం కదలవలసి వచ్చి వక్రీకరణ పెరుగుతుంది. వెడల్పాటి పొర మొత్తాన్ని అయస్కాంతాలు ఒకేసారి కదిలించే ప్లేనార్ డ్రైవర్లు ఈ విషయంలో చాలా ఓపికగలవి. పైన చెప్పినట్టు 8 కిలోహెర్ట్జ్ దాటిన తరువాత ఒక్కో చెవికి ఒక్కో రకంగా ఉండే ఎత్తుపల్లాలను ఎవరో కొలిచిన అంకెలతో సరిదిద్దబోతే ఉన్న ధ్వని కూడా చెడుతుంది. అక్కడ సొంత చెవితో, చాలా కొద్దిగా, మెల్లగా మార్చుకోవాలి. తంబురా ఒక్కటే మోగుతున్న రికార్డింగు దీనికి మంచి కొలమానం. తీగ కింద పెట్టే నూలుపోగు వల్ల పుట్టే ఉపస్వరాలు తెరలు తెరలుగా, ఒకదాని వెనుక ఒకటి రావాలి. ఏదో ఒక్క స్వరం సూదిలా ముందుకు పొడుచుకుని వస్తుంటే ఆ చోట తగ్గించాలని అర్థం.

డబ్బుతో సరిదిద్దగలిగిన మరొక లోపం ఆంప్ విషయంలోది. హైఫైమాన్ సుస్వర 2017లో 6,000 డాలర్ల ధరతో వచ్చింది. దాని సున్నితత్వం, అంటే ఒక మిల్లీవాట్ శక్తికి అది పలికే గట్టిదనం, 83 డెసిబెళ్లు, నిరోధం 60 ఓమ్‌లు. 2016లో సుమారు 4,000 డాలర్లకు వచ్చిన ఫోకల్ యుటోపియా సున్నితత్వం 104 డెసిబెళ్లు, నిరోధం 80 ఓమ్‌లు. కచేరీ ఉధృతిలో వచ్చే 110 డెసిబెళ్ల క్షణికమైన ఎత్తులను చేరడానికి యుటోపియాకు 4 మిల్లీవాట్లు చాలు, సుస్వరకు 500 మిల్లీవాట్లు కావాలి. అంటే సుమారు 125 రెట్లు. సుస్వర కొనేవారు ఆంప్‌కు విడిగా పెద్ద మొత్తం పక్కన పెట్టుకోకపోతే, కారు కొని పెట్రోలుకు డబ్బులు లేని పరిస్థితి వస్తుంది. యుటోపియా ఫోన్‌కు తగిలించే చిన్న ఆంప్ అయిన మంచి డాంగిల్‌తో కూడా గట్టిగానే మోగుతుంది. ఈ ఒక్క లెక్కతో ఈ రెండింటి మధ్య ఎంపిక చాలామందికి తేలిపోతుందని నా అభిప్రాయం.

సరిచేయలేనివి

మొదటిది బరువు. మాస్టారు ఆ ప్లేనార్‌ను ఇరవై నిమిషాలు విని, "ధ్వని బాగుంది నాయనా, మెడ పట్టేసింది" అని తీసి పక్కన పెట్టి, ఆ తరువాత మళ్లీ ఎప్పుడూ దానిని అడగలేదు. ఆడీజ్ ఎల్‌సీడీ-ఎక్స్ బరువు 612 గ్రాములు. యుటోపియా 490, సుస్వర 450, డాన్ క్లార్క్ స్టెల్త్ 415, హెచ్‌డీ 800 ఎస్ 330, అన్నింటికంటే పాతదైన హెచ్‌డీ 600 260 గ్రాములు. దుకాణంలో పది నిమిషాలు వినేటప్పుడు 260కీ 612కీ తేడా తెలియదు. రెండు గంటల కచేరీలో రాగం తానం పల్లవి దగ్గరకు వచ్చేసరికి తెలుస్తుంది. తలపట్టీ మారిస్తే బరువు కాస్త సమంగా పంచుకుంటుంది గానీ తగ్గదు.

రెండవది, చెన్నైలో అన్నింటికంటే ముఖ్యమైనది, సీలింగ్ ఫ్యాన్. ప్రపంచంలో పేరుపడ్డ ఖరీదైన హెడ్‌ఫోన్లలో అత్యధికం ఓపెన్‌బ్యాక్‌లు. వాటి వెనుక భాగం జాలీలా తెరిచి ఉంటుంది కాబట్టి లోపలి ధ్వని బయటికీ, బయటి ధ్వని లోపలికీ ఆటంకం లేకుండా ప్రయాణిస్తుంది. వాటిని సమీక్షించేవారు చాలావరకు చల్లటి దేశాల్లో, ఫ్యాన్ లేని నిశ్శబ్దమైన గదుల్లో కూర్చుని వింటారు. మన దగ్గర ఏప్రిల్ నుంచి ఫ్యాన్ నాలుగులో తిరగక తప్పదు. ఆ గాలి హోరు తంబురా కింది పొరలను, గాయని ఊపిరి తీసే చప్పుడును, వయొలిన్ కమాను తీగను వదిలే క్షణాన్ని మింగేస్తుంది. లక్షలు పోసి కొన్నది సరిగ్గా ఆ సూక్ష్మాల కోసమే. వాల్యూమ్ పెంచితే హోరు వెనక్కి పోతుంది గానీ చెవికి హాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ల దగ్గర, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి పడిపోతుంది. ఏసీ గదిలో, రాత్రి పదకొండు తరువాత, వీధి సద్దుమణిగాక వినగలిగేవారు నిశ్చింతగా ఓపెన్‌బ్యాక్ కొనుక్కోవచ్చు. హాలులో, పిల్లలు చదువుకుంటుండగా, ఫ్యాన్ కింద వినేవారికి నేను ఏ ఓపెన్‌బ్యాక్‌నూ సిఫారసు చేయను, దాని ధర ఎంతైనా సరే.

అలాగని క్లోజ్డ్‌బ్యాక్‌లు హాయిగా ఉంటాయని కాదు. వెనుక మూసిన కప్పులో ధ్వని గోడలకు తగిలి తిరిగి రావడం వల్ల మాస్టారు చెప్పిన బిందె నాదం వస్తుంది. దానిని అణచడానికి 2021లో వచ్చిన డాన్ క్లార్క్ స్టెల్త్‌లో డ్రైవర్‌కూ చెవికీ నడుమ మెటామెటీరియల్ అనే సన్నని జల్లెడవంటి నిర్మాణం అమర్చారు. మూసిన హెడ్‌ఫోన్లలో అంత సమతూకంగా పలికేవి చాలా తక్కువ. ధర 4,000 డాలర్ల దగ్గర ఉండడం, ఆంప్ బలంగా కావలసి రావడం దాని ఇబ్బందులు. వీటన్నిటికీ తోడు చెమట ఉంది. తోలు ప్యాడ్లతో మూసిన కప్పుల్లో మే నెలలో గంటసేపు వింటే చెవుల కింద నీరు కారుతుంది. కృత్రిమ తోలు ఈ ఉక్కలో రెండు మూడేళ్లకే పొట్టు రాలి భుజాల మీద పడుతుంది. మఖమల్ ప్యాడ్లు వేసుకోవచ్చు గానీ ప్యాడ్ మారితే ధ్వని కూడా మారుతుంది, ముఖ్యంగా బేస్. కళ్లద్దాలు వాడేవారు మరొకటి గమనించాలి. అద్దాల కాడ ప్యాడ్‌ను కొద్దిగా ఎత్తిపట్టడం వల్ల మూసిన హెడ్‌ఫోన్లలోను, చాలా ప్లేనార్‌లలోను అడుగు బేస్ కారిపోతుంది. అద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి వింటే దుకాణంలోనే బయటపడుతుంది.

మూడవది ధ్వని పరచుకునే తీరు. దీనిని ఏ ఈక్వలైజరూ తెచ్చిపెట్టదు, నా లెక్కలో ఎక్కువ డబ్బు పెట్టినందుకు నిజంగా దక్కేది ఇదే. హెచ్‌డీ 800 ఎస్‌లో 56 మిల్లీమీటర్ల వలయాకారపు డ్రైవర్‌ను చెవికి దూరంగా, ఏటవాలుగా పెట్టడం వల్ల గాయని ముందు, వయొలిన్ ఒక పక్క, మృదంగం మరో పక్క, తంబురా వెనుక ఉన్నట్టు స్థలాలు ఏర్పడతాయి. స్టీరియోలో చక్కగా తీసిన కచేరీ రికార్డింగు ఉంటే దీనికి సాటి వచ్చేది అరుదు. యుటోపియాలో బెరీలియం గుమ్మటం చెవికి దగ్గరగా కొడుతుంది. స్థలం ఇరుకు, కానీ వేలు మూతను తాకిన ఆ తొలి క్షణం, ఘటం మీద ఉంగరం తగిలిన చప్పుడు కత్తితో కోసినట్టు వస్తాయి. సుస్వర ఈ రెంటికీ నడుమ ఉండి, అలసట లేకుండా గంటలు వినిపిస్తుంది. గాత్రం ప్రధానంగా వినేవారికి దానినే నేను ముందు పెడతాను, ఆంప్ ఖర్చు భరించగలిగితే.

ఎలక్ట్రోస్టాటిక్‌ల సంగతి విడిగా చెప్పాలి. జపాన్‌కు చెందిన స్టాక్స్ సంస్థ అరవై ఏళ్లకు పైగా వీటిని చేస్తోంది. 2018 నాటి ఎస్ఆర్-009ఎస్, 2021 నాటి ఎస్ఆర్-ఎక్స్9000 వినికిడిలో పొగమంచులా సన్నగా, అన్ని వివరాలతో పలుకుతాయి. వయొలిన్‌కు వీటికి మించినది నేను వినలేదు. కొద్ది మైక్రాన్ల మందం గల పొర మీద 580 వోల్టుల ఆవేశం నిలిపి దానిని కదిలించడం వీటి పద్ధతి. అందుకు ప్రత్యేకమైన ఆంప్ తప్పనిసరి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవేశం నిలవడానికి ఇబ్బంది పడుతుంది, దుమ్ము పడితే చిటచిటలు వస్తాయి. బంగాళాఖాతానికి రెండు మైళ్ల దూరంలో కాపురం ఉంటూ వీటిని కొనేవారు సిలికా జెల్ సంచులతో, మూతపెట్టె కూడా కొనుక్కోవాలి. జపాన్ నుంచి తెప్పించే ఆంప్ అక్కడి 100 వోల్టుల కరెంటుకు చేసినదైతే, నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన మరుక్షణం కథ ముగుస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది గానీ, దాని మోత వినికిడిలోకి రాకుండా దూరంగా పెట్టుకునే చోటు ముందే చూసుకోవాలి.

వినేది ఏమిటన్న ప్రశ్న చివరికి మిగిల్చాను గానీ నిజానికి అది మొదట రావాలి. ఈ ఊరిలోనే, వడపళని విజయవాహినిలాంటి స్టూడియోల పరిసరాల్లో పుట్టిన వందలాది పాత తెలుగు పాటలే మీ ప్రాణమైతే, విశాలమైన ధ్వని కోసం హెచ్‌డీ 800 ఎస్‌కు డబ్బు పెట్టడం వృథా. మోనో రికార్డింగులో ఎడమ కుడి తేడా లేదు కాబట్టి పరచడానికి ఏమీ ఉండదు; టేపు హిస్ అనే బుసబుస చప్పుడు మాత్రం మరింత స్పష్టంగా వినబడుతుంది. ఆ పాటలకు 1997లో వచ్చి ఇప్పటికీ తయారవుతున్న హెచ్‌డీ 600 చాలు. మనిషి గొంతు ఉండే మధ్యస్థాయిలో అది ఎంత నిజాయతీగా ఉంటుందంటే, దానికి పదింతల ధర గలవాటిని కూడా నేను మొదట దానితోనే పోల్చుకుంటాను. అడుగు బేస్ తక్కువ, స్థలం ఇరుకు. ఆ రెండూ 1960ల పాటలో పెద్దగా అవసరం పడవు. పైగా దాని తీగ, ప్యాడ్లు, డ్రైవర్లు అన్నీ స్క్రూడ్రైవర్ అవసరం లేకుండా చేత్తోనే ఊడదీసి మార్చుకోవచ్చు. కొత్త సినిమా పాటలు, ఎలక్ట్రానిక్ బేస్ ఎక్కువగా వినేవారికి మాత్రం ప్లేనార్ వైపు వెళ్లమని చెబుతాను, మెడ ఒప్పుకుంటే.

వయసు సంగతి కూడా మొహమాటం లేకుండా చూసుకోవాలి. నలభై దాటిన చాలామందికి 15 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా వినబడదు. 50 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుందని పెట్టె మీద అచ్చువేసిన అంకెకు అప్పుడు గబ్బిలాలే సాక్ష్యం చెప్పాలి.

మరమ్మతు విషయంలో నా అనుభవం చేదుగానే ఉంది. ఒకసారి వారంటీలో ఉన్న ఒక ఖరీదైన హెడ్‌ఫోన్‌కు కుడి వైపు గరగరమంటే, అమ్మిన దుకాణం దానిని విదేశానికి పంపి, నాలుగు నెలల తరువాత తిరిగి ఇచ్చింది. వచ్చిన తరువాత రెండు వైపులా ప్యాడ్లు వేర్వేరు రంగులో ఉన్నాయి. అప్పటి నుంచి కొనే ముందు మూడు మాటలు రాతపూర్వకంగా అడిగి తీసుకుంటున్నాను: మరమ్మతు ఈ దేశంలోనే జరుగుతుందా, ప్యాడ్ల ధర ఎంత, వారంటీ వాడి అమ్మినప్పుడు రెండవ యజమానికి వర్తిస్తుందా. ప్యాడ్ల జత పదిహేను వేలు పలికే హెడ్‌ఫోన్‌ను ఈ ఊరి ఉక్కలో కొనడమంటే ప్రతి రెండేళ్లకూ కప్పం కట్టడానికి ఒప్పుకున్నట్టే.

విని చూడడానికి వెళ్లేటప్పుడు దుకాణంవారి పాటలు వినకండి, అవి ప్రతి హెడ్‌ఫోన్‌నూ అందంగా చూపడానికి ఏరి పెట్టుకున్నవి. మీకు కంఠతా వచ్చిన మోనో పాట ఒకటి, తంబురా, మృదంగం స్పష్టంగా ఉన్న స్టీరియో కచేరీ ఒకటి, ఈ మధ్య పాట ఒకటి చాలు. కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లండి. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ రెండింటిలోనూ సమానంగా ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే ఒక డెసిబెల్ గట్టిగా ఉన్నది ఎప్పుడూ మెరుగైనదిగానే తోస్తుంది. కనీసం ముప్పావుగంట ఒకే హెడ్‌ఫోన్‌ను తీయకుండా పెట్టుకుని కూర్చోండి. వీలైతే, మొహమాటపడకుండా, అక్కడి ఏసీ ఆపించి ఫ్యాన్ వేయమని అడగండి. నేను అడిగినప్పుడు కౌంటర్ దగ్గరి కుర్రవాడు నవ్వాడు గానీ, వేశాడు. ఆ రోజు నేను కొందామని వెళ్లిన ఓపెన్‌బ్యాక్‌ను అక్కడే వదిలి వచ్చాను.